నల్లకోటు, బెజవాడ ఎండ: మేనల్లుడికో ఉత్తరం

అల్లుడూ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. కొత్తగా ప్లీడరువయ్యావు కదా, కోర్టుకని ఆ నల్లకోటు ఆన్‌లైన్‌లో కొన్నావని మీ అమ్మ చెప్పింది. ఫొటోకి బాగానే ఉంది. కానీ గుండీ దగ్గర గుడ్డ అడ్డంగా ఎలా లాగుతోందో చూశావా? ఏసీ హాల్లో ఓ గంట ఓర్చుకున్నావు సరే, బెజవాడలో రోజూ వేసుకోవాలంటే మాత్రం నీవల్ల కాదు. ఈ ఊరిని బ్లేజ్‌వాడ అని ఊరికే అనరు. రోహిణి కార్తెకి రోళ్లు పగులుతాయంటారు, ఇక్కడ కృష్ణ ఒడ్డు తేమ కూడా తోడై ఒంటి మీద చెమట ఆరనే ఆరదు.

నీ లిస్టు కూడా చూశాను. మూడు కోట్లు, పది చొక్కాలు, రెండు లినెన్ సూట్లు, అన్నీ ఒకేసారి. సీనియర్ ప్లీడరు దగ్గర మొదటి ఏడాది ఏపాటి డబ్బులొస్తాయో నాకు తెలుసు. నలభై ఏళ్లు గవర్నర్‌పేటలో ప్లీడర్లకే కుట్టాను కదా. ఇప్పటికి ఒక కోటు, రెండు పాంట్లు, నాలుగు చొక్కాలు చాలు. మిగతావి ఆషాఢంలో చూద్దాం. అప్పుడు పెళ్లిళ్లుండవు, బట్టల కొట్లలో ధరలు తగ్గిస్తారు, దర్జీకీ తీరిక ఉంటుంది. సంక్రాంతి ముందో దసరా ముందో ఇచ్చిన చొక్కాకి కాలరు తిన్నగా ఉంటే అది నీ అదృష్టం. ఆ రోజుల్లో నేను కుట్టినవి కూడా అంతే.

ముందు చొక్కా సంగతి చెబుతాను. కోటు గురించి అడిగితే చొక్కా అంటాడేంటి అనుకోకు. సుప్రీంకోర్టు, హైకోర్టులు తప్ప మిగతా కోర్టుల్లో ఎండాకాలం నల్లకోటు తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. అది నాకంటే నీకే బాగా తెలియాలి. అంటే ఎండలు ముదిరాక జడ్జిగారికి కనిపించేది నీ తెల్ల చొక్కా, మెడలో కట్టుకునే తెల్ల పట్టీలు, అదే బ్యాండ్సే. వీపుకి అతుక్కుపోయిన చొక్కాతో నిలబడితే వాదన ఎంత బాగున్నా చూపు అక్కడికే పోతుంది.

గుడ్డ అచ్చం పత్తిదే తీసుకో, నేత సాదాగా ఉండాలి. పాప్లిన్, కేంబ్రిక్ లాంటివి. ఏటవాలు గీతల నేత ట్విల్ మెరుస్తుంది కానీ మందం, చలికాలానికి దాచుకో. కొట్టువాడు ‘ముడతలు పడదు సార్’ అన్నాడంటే అందులో పాలిస్టర్ కలిసి ఉండొచ్చు, లేదా మందు పూసి ఉండొచ్చు. ఓ పొర దీపానికి ఎదురుగా పట్టుకుని చూడు, నోటితో ఊదు, అవతల పెట్టిన అరచేతికి గాలి తగలాలి. పల్చగా ఉంటే లోపల కనిపిస్తుందని భయపడకు, బనీను ఉంది కదా. ఎండాకాలం బనీను మానేయడం మీ కుర్రాళ్లు చేసే తప్పు. చంకలో చెమట చొక్కాకి చేరకముందే పట్టేది అదే. చేతుల బనీను వేసుకో. తెల్ల చొక్కా కింద తెల్లది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, లేత బూడిదరంగుది కనిపించదు.

కొలతల విషయంలో నీకూ నాకూ పేచీ వస్తుందని తెలుసు. స్లిమ్ ఫిట్ అంటావు. నీ ఛాతీ 38 అయితే చొక్కా 43 ఉండాలి, ఒక అంగుళం బేరమాడితే 42. అంతకంటే దిగను. గుడ్డకీ ఒంటికీ మధ్య గాలి తిరిగితేనే చెమట ఆరుతుంది, చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. వీపు మీద యోక్ (భుజాల దగ్గరి అడ్డపట్టీ) కింద రెండు మడతలు పెట్టిస్తే చేయి ఎత్తినప్పుడు గుడ్డ పట్టేయదు. కాలరు పెట్టుకున్నాక లోపల రెండు వేళ్లు దూరాలి, బ్యాండ్స్ కట్టాక మెడ ఇంకా బిగుతవుతుంది. కాలరు నిలబడటానికి లోపల వేసే బిరుసు గుడ్డ, అదే బక్రం, పల్చటిది వేయమను. మందపాటి ఫ్యూజింగ్ (ఇస్త్రీతో అంటించే గుడ్డ) వేస్తే కొన్ని ఉతుకులకే బుడగలు లేవొచ్చు.

ఇంకోటి. గుడ్డ కొన్న రోజే కుట్టడానికి ఇవ్వొద్దు. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, నీడలో ఆరేసి, అప్పుడు ఇవ్వు. నాలుగు చొక్కాల గుడ్డ కొన్నా ముందు ఒకటే కుట్టించు. రెండుసార్లు ఉతికి, వేసుకుని, స్కూటర్ మీద కూర్చుని, చేతులెత్తి చూడు. తేడా ఉంటే చెప్పు, మిగతా మూడూ దాన్ని చూసి కుట్టొచ్చు. నాలుగూ ఒకేసారి కుట్టించి, నాలుగింటికీ ఒకే తప్పు మోసినవాళ్లని ఎంతమందిని చూశానో.

ఇక కోటు. కొట్టు పెట్టిన కొత్తలో టెర్లిన్, టెర్రికాట్ లాంటి పాలిస్టర్ గుడ్డలంటే జనం ఎగబడేవారు. ఓ పెద్ద ప్లీడరుగారికి పాలిస్టర్ గుడ్డతో కోటు కుట్టాను. లోపలంతా జారుడు అస్తరు, భుజాలకి దూది, ఛాతీకి బక్రం, నాకు తెలిసిన విద్యంతా చూపించాను. మే నెలలో ఆయన కోర్టు నుంచి తిన్నగా కొట్టుకొచ్చి, ఆ కోటు విప్పి నా భుజాల మీద కప్పి, ‘ఓ గంట ఇలాగే మిషన్ తొక్కవయ్యా’ అని స్టూలు మీద కూర్చుని సోడా తెప్పించుకున్నారు. పావుగంటకే నా కళ్లు తిరిగాయి. ఆ రాత్రి వీపు అస్తరంతా విప్పేసి, కుట్ల అంచులకి పైపింగ్ (సన్న గుడ్డ పట్టీ) వేసి ఇచ్చాను. ఏమీ అనకుండా తీసుకెళ్లారు. తర్వాత ఏడాది ఆయనే ఇంకో ముగ్గుర్ని పంపారు.

ఆ రోజు నుంచి నా కోట్లకి అస్తరు భుజాల దాకా, చేతుల్లోపలా మాత్రమే. చేతులకి ఎందుకంటే, అది లేకపోతే తడి చొక్కా మీద కోటు ఎక్కదు. గుడ్డేమో ఉన్ని. నవ్వకు. దుప్పటి ఉన్ని కాదు, సాదా నేతతో గట్టిగా పురి పెట్టిన పల్చటి ట్రాపికల్ ఉన్ని. మామూలు వాతావరణంలో గాల్లో తేమని పత్తి తన బరువులో 8 శాతం దాకా పీలుస్తుంది, ఉన్ని 16 దాకా, పాలిస్టర్ అరశాతం కూడా పీల్చదు. పైగా ఉన్ని ముడత రాత్రికి తనంతట తనే పోతుంది. చదరపు మీటరుకి 250 గ్రాములు దాటనివ్వకు. అచ్చం ఉన్ని కొనలేకపోతే పాలిస్టర్ కలిపిన టెర్రీవుల్ తీసుకో, ఉన్ని ఎక్కువున్నది. వస్త్రలత బట్టల మార్కెట్లో నాలుగు కొట్లు తిరిగితే దొరుకుతుంది. వెనక రెండు చీలికలు, లోపల రెండు జేబులు. భుజాలకి పల్చటి ప్యాడ్ చాలు.

కోటు గుడ్డ తీసుకున్నప్పుడే ఒక పాంటుకి కూడా అదే తానులోంచి కోయించు. రెండు తానుల నలుపు ఎప్పుడూ ఒకటి కాదు, ట్యూబులైటు కింద తెలియదు, ఎండలో తెలిసిపోతుంది. రెండోది బూడిదరంగు చాలు. తెల్ల పాంటు కూడా నిబంధనల్లో ఉంది, పాతకాలం ప్లీడర్లు వేసేవారు. నీ స్కూటర్‌కి అది సాయంత్రం దాకా తెల్లగా ఉండదు. పాంటు నడుము కాస్త పైకి, ముందు ఒక మడత, బాటమ్ 16 అంగుళాలు. ఉన్ని పాంటుకి ముందు వైపు మోకాలి కింద దాకా పల్చటి అస్తరు వేయించు, తొడలకి అంటదు. వెనక కుట్టులో అంగుళంన్నర గుడ్డ వదలమను. పెళ్లయ్యాక ఎందుకు వదలమన్నానో తెలుస్తుంది.

లినెన్ సూట్లు కొట్టేయ్. లినెన్ చల్లన, కాదనను. కానీ బెంజి సర్కిల్ నుంచి కోర్టుకొచ్చేసరికి పడుకుని లేచినట్టుంటుంది. సీనియర్ ఇంటి ఆఫీసులో సాయంత్రాలకి ఒక లినెన్ చొక్కా ఉండొచ్చు. దానికి ముందు మంగళగిరి నేత చొక్కాలు రెండు కుట్టించుకో, పక్కూరే కదా. ఉతికేకొద్దీ మెత్తబడుతుంది ఆ గుడ్డ. పొందూరు ఖద్దరు మీద నాకు మహా మోజు. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, చేత్తో వడికిన నూలు అది. మొదటి పెద్ద ఫీజు వచ్చాక కొనుక్కో.

వాడకం గురించి నాలుగు ముక్కలు. కోటు తొడుక్కుని స్కూటర్ నడపకు, కవర్లో పెట్టుకెళ్లి కోర్టు దగ్గర తొడుక్కో. డిక్కీలో మాత్రం కుక్కకు. ఇంటికొచ్చాక వెడల్పు భుజాల హ్యాంగర్‌కి తగిలించి ఫ్యాన్ కింద వదిలెయ్. ఉప్పుచారలు కడితే తడిగుడ్డతో తుడువు. డ్రైక్లీనింగ్ రెండు మూడు నెలలకోసారి చాలు. ఇస్త్రీ బండి అబ్బాయికి ఆ కోటు ఇవ్వకు, పైన తడిగుడ్డ పరవకుండా రుద్దితే నలుపు మెరుపెక్కి పోలీసు బూటులా తయారవుతుంది. చొక్కాలకి గంజి చలికాలమే, ఎండాకాలం గంజి పెడితే గుడ్డ కన్నాలన్నీ మూసుకుంటాయి. విప్పిన చొక్కాని ఏ పూటకాపూట నీళ్లలో వెయ్, చంకల్లో పసుపు పట్టదు.

కత్తెర పక్కన పెట్టి మూడేళ్లయింది. కొట్టు నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడే చూసుకుంటున్నాడు. చేతి కాజాలు వాడు నాకంటే బాగా తీస్తాడు. నీ కోటు కటింగ్ మాత్రం నేనే చేస్తాను, మీ అత్తయ్య కళ్లజోడు మార్పించింది లే. ఆదివారం పొద్దున్నే బస్సెక్కు. నీకు బాగా నప్పిన పాత చొక్కా ఒకటి, కోర్టుకి వేసుకునే బూట్లూ తెచ్చుకో. బూట్లు లేకుండా పాంటు పొడవు తేలదు.

మీ మామయ్య