హైబ్రిడ్ 82, ఈవీ 110: మీ లెక్కలో తేడా ఎక్కడుందంటే

హైబ్రిడ్ (పెట్రోలు ఇంజిన్‌తో పాటు బ్యాటరీ, మోటారు ఉన్న కారు), ఈవీ (పూర్తిగా కరెంటుతో నడిచే కారు): ఈ రెండిట్లో ఏది తక్కువ సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) వదులుతుందో మీరు లెక్క వేశారు. అందులో హైబ్రిడ్‌కి బ్రోషర్‌లోని 28 మైలేజీ, ఈవీకి మీటర్లో చూసిన యూనిట్లు వేశారు. అందుకే కిలోమీటరుకు హైబ్రిడ్ 82 గ్రాములు, ఈవీ 110 గ్రాములు అని తేలింది. కరెంటు యూనిట్‌కి వేసిన 0.73 కిలోల సీఓటూ మాత్రం దాదాపు సరైనదే.

1. హైబ్రిడ్‌కి కూడా రోడ్డు మీద వచ్చే మైలేజీయే వేయండి. 20 వస్తే, లీటరుకు 2.3 కిలోల సీఓటూ చొప్పున కిలోమీటరుకు 115 గ్రాములు.

2. చాలామంది వదిలేసేది ఇదే. కరెంటుకి థర్మల్ ప్లాంట్ పొగ దాకా వెళ్లి, పెట్రోలుకి సైలెన్సర్ దగ్గరే ఆగిపోతారు. చమురు తవ్వాలి, ఓడలో రావాలి, రిఫైనరీలో ఉడకాలి, ట్యాంకర్లో బంకుకి చేరాలి. వీటికి సుమారు ఐదో వంతు కలపండి, 140 దగ్గరికి వస్తుంది. న్యాయంగా ఈవీకి కూడా లైన్ నష్టాలు, బొగ్గు తవ్వకం కలిపితే అదీ 130 దాటుతుంది.

3. ఈవీ బ్యాటరీ తయారీ. 40 యూనిట్ల ప్యాక్‌కి దాదాపు 3 టన్నుల సీఓటూ. లక్షన్నర కిలోమీటర్ల మీద పంచితే ఈవీకి కిలోమీటరుకు ఇంకో 20 గ్రాములు.

అంటే ఈరోజు గ్రిడ్ కరెంటు మీద ఇంచుమించు సమానమే, కాస్త హైబ్రిడ్ వైపు మొగ్గు. (మైల్డ్ హైబ్రిడ్‌ని, అంటే చిన్న మోటారు ఇంజిన్‌కి కాస్త సాయం మాత్రమే చేసే కారుని, ఈ పోటీలోకి తేవద్దు, అది దాదాపు పెట్రోలు కారే.)

ఇంటిపైన సోలార్ ఉండి పగలు చార్జ్ చేస్తారా? ఈవీ తీసుకోండి, తేడా చాలా పెద్దది. సోలార్ లేకపోయినా, కారు పదేళ్లు ఉంచుకునేవారైతే నా ఓటు ఈవీకే: గ్రిడ్‌లోకి సోలార్, గాలి కరెంటు ఏటా పెరుగుతోంది, హైబ్రిడ్ తాగే పెట్రోలు మారదు.