ముందు లెక్కపెట్టనియ్యి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

విజయనగరం దగ్గర బడిలో లెక్కల టీచరుగా చేరావని అమ్మ ఫోన్‌లో చెప్పింది. ప్రకృతిలో గణితం గురించి పిల్లలకి ఎలా చెప్పాలా అని టెన్షన్ పడుతున్నావట. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, నాకు తెలిసింది రాస్తున్నాను.

బోర్డు మీద 1, 1, 2, 3, 5, 8, 13 అని, ముందు రెండూ కలిపితే తర్వాతది వచ్చే ఫిబొనాచీ వరస రాసి మొదలుపెట్టకు. నేను అలాగే చేసేవాణ్ణి. ఒకసారి ఓ పిల్లాడు అనాసపండు మీద వరసలు లెక్కపెట్టి 12 అని రాసుకున్నాడు. బోర్డు వైపు చూసి, అది కొట్టేసి 13 వేశాడు. మళ్ళీ లెక్కపెట్టలేదు. ఆ కొట్టివేత నాకు ఇప్పటికీ గుర్తే. తప్పు వాడిది కాదు, జవాబు ముందే చెప్పేసిన నాది.

సీతంపేట కొండల నుంచి అనాసలు దిగే రోజుల్లో నలుగురికొకటి చొప్పున కొను. ఆకుల అంచులు చేతులు గీరేస్తాయి, పైపిలక ముందే కోసెయ్యి. పండు నిలబెట్టి, నడుము దగ్గర ఒక కంటికి గుండుసూది గుచ్చమను. అక్కణ్ణుంచి కుడివైపుకి ఏటవాలుగా ఎక్కే వరస వెంట ఎర్రదారం పెట్టించు. దాని పక్క వరస, ఆ పక్కది, అలా పండు చుట్టూ తిరిగి మళ్ళీ ఎర్రదారం దగ్గరికి వచ్చేదాకా లెక్కపెట్టాలి. తర్వాత పచ్చదారంతో ఎడమవైపు. చాలా పళ్ళకి ఒకవైపు 8, రెండోవైపు 13 వస్తాయి. ఏ వైపు 8 అన్నది పండుని బట్టి మారుతుంది.

ఎందుకలా అని అడుగుతారు. మొక్క కొసన కొత్త మొగ్గ పుట్టేటప్పుడు, పాత మొగ్గలకి ఎడంగా ఎక్కడ చోటుంటే అక్కడ పుడుతుంది. ఒక మొగ్గకీ తర్వాతి మొగ్గకీ మధ్య సుమారు 137.5 డిగ్రీల తిరుగుడు ఉంటుంది. అలా పేరుకుంటూ పోతే ఈ సంఖ్యలు వాటంతటవే పడతాయి. మొక్కకి లెక్కలు వచ్చని మాత్రం చెప్పకు.

ఒంటిరెక్క నందివర్ధనానికి 5 రేకులు, నూరువరహాల పువ్వుకి 4. నాలుగు ఫిబొనాచీ వరసలో లేదు. ఆ పువ్వుని దాచకు, దాన్నీ చూపించు.

మీ తెలుగు మాస్టారిని కూడా క్లాసుకి పిలు. పద్యంలో లఘువుకి, అంటే పొట్టి అక్షరానికి, ఒక మాత్ర; గురువుకి, అంటే పొడుగుదానికి, రెండు. నాలుగు మాత్రలు ఎన్ని రకాలుగా నింపొచ్చో చప్పట్లతో కట్టించు: 5. ఐదు మాత్రలకి 8, ఆరింటికి 13. ఇటలీలో ఫిబొనాచీ 1202లో కుందేళ్ళ లెక్కగా రాయకముందే మన పాతకాలపు పండితులు విరహాంకుడు, హేమచంద్రుడు ఛందస్సు కోసం ఈ లెక్క కట్టారు. పండు మీద చూసిన 13 పద్యంలోనూ కనిపించినప్పుడు పిల్లల ముఖాలు చూడాలమ్మా! నాకైతే అంతకన్నా సంతోషం ఉద్యోగంలో ఇంకోటి లేదు.

చివర్లో పళ్ళు కోసి అందరికీ పెట్టు, ఉప్పూ కారం నువ్వే పట్టుకెళ్ళు. ఎవరికైనా 12 వస్తే కొట్టెయ్యనివ్వకు. ఇంకోసారి లెక్కపెట్టించు. మళ్ళీ 12 వస్తే 12 అనే రాయించి, కొయ్యకముందే ఆ పండు ఫొటో నాకు పంపు.

మీ మామయ్య