అంగిలి నుంచి కండ తీయకుండా ఇంప్లాంట్ చుట్టూ చిగురును మందంగా చేయవచ్చా?

పై ముందుపంటి స్థానంలో ఎముకలో పాతిన మీ ఇంప్లాంట్ (పంటి వేరుకు బదులు పెట్టే లోహపు మర) ఇంకా చిగురు కిందే ఉందనీ, దాన్ని తెరవలేదనీ, చిగురు పలుచగా ఉన్నందున అంగిలి నుంచి కండ తీసి అతకాలని డాక్టర్ అన్నారనీ రాశారు. కడపలో నాకూ ఇదే మాట చెప్పారు గానీ, చివరికి అంగిలి జోలికి పోకుండానే పని జరిగింది. నా చిగురు మందంలో లోటు కొద్దిపాటిదే కావడం అందుకు కారణం. నేను డాక్టర్‌ను కాను కాబట్టి దీన్ని అనుభవంగానే తీసుకోండి.

చిగురు పలుచగా ఉండటం వేరు, ఎముకను అంటుకొని కదలకుండా ఉండే గట్టి చిగురు తక్కువగా ఉండటం వేరు. మందం సుమారు 2 మి.మీ. కంటే తగ్గితే లోపలి లోహపు నీడ బూడిదరంగులో కనబడవచ్చు, ఇంప్లాంట్ మెడ దగ్గర ఎముక తరిగే అవకాశమూ పెరుగుతుంది. గట్టి చిగురే లేనివారికి మాత్రం అంగిలి నుంచి తీసిన ముక్కే ఇప్పటికీ నమ్మకమైన మార్గం.

నాకు చేసింది రోల్ పద్ధతి. ఇంప్లాంట్‌ను తెరిచి హీలింగ్ క్యాప్ (చిగురు మానేదాకా ఉంచే తాత్కాలిక మూత) బిగించే రోజున, దాని మీద ఉన్న చిగురును కోసి పారేయకుండా, పైపొరను మాత్రం గీకివేసి, మిగిలిన కండను పంచె అంచు దోపినట్టు పెదవి వైపు చిగురు కిందికి మడిచి కుట్టు వేశారు. ఎలాగూ తెరవక తప్పని చోటే ఇదంతా జరుగుతుంది కనుక రెండో గాయం ఉండదు. కొన్నాళ్లు కారం మాని, చల్లారిన సంగటి, పప్పుతో గడిపాను. పెరిగే మందం కొద్దిపాటిదే, పైగా ఒకసారి తెరిచేశాక ఈ అవకాశం దాదాపు పోయినట్టే. అందుకే ఆ రోజుకు ముందే అడగండి.

సొంత కండకు బదులు చిగురు కింద పెట్టే కొల్లాజెన్ (జంతువుల నుంచి తీసిన ప్రొటీన్) పొరలు కూడా దొరుకుతాయి. అవి అంగిలి గాయాన్ని తప్పిస్తాయి గానీ ఖరీదైనవి, సాధారణంగా సొంత కండ ఇచ్చినంత మందం ఇవ్వవు. వాటిలో చాలావరకు పందుల నుంచి తయారవుతాయి. ఇంట్లో అభ్యంతరం ఉంటే ముందే చెప్పాలి. సొంత రక్తాన్ని యంత్రంలో తిప్పి తీసే పీఆర్‌ఎఫ్ పొర గాయం మానడానికి తోడ్పడుతుంది, కానీ త్వరగా కరిగిపోతుంది కాబట్టి దానితోనే చిగురు మందమవుతుందని ఎవరైనా అంటే నేనైతే డబ్బు కట్టను.

మీ బాధ కేవలం రంగు గురించే అయితే, చివర్లో వేసే పంటి క్యాప్ కింద లోహానికి బదులు జిర్కోనియా (తెల్లటి పింగాణీ లాంటి పదార్థం) అబట్‌మెంట్, అంటే ఇంప్లాంట్‌కూ క్యాప్‌కూ మధ్య ఉండే ముక్క, వేయవచ్చేమో కనుక్కోండి. ప్రొద్దుటూరులోనే ఉన్నారు కనుక, కడప ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో చిగుళ్ల విభాగం వారి అభిప్రాయం కూడా తీసుకోవచ్చు. వెళ్లేటప్పుడు ఎక్స్‌రే, ఇంప్లాంట్ కంపెనీ ఇచ్చిన కార్డు తీసుకెళ్లండి.