ఏటవాలు గీతలో త్రిభుజానికి ప్రతిబింబం ఎలా గీయాలి?

ప్రశ్న: ఎక్స్ అక్షం, వై అక్షంలో ప్రతిబింబం అంటే మా అబ్బాయి టకటకా గీసేస్తున్నాడు. ఎక్స్ = 3 అనో, వై = ఎక్స్ అనో ఇస్తే తప్పులు పోతున్నాయి. ఏటవాలు గీత వస్తే అసలు ముట్టుకోవడం లేదు. సూత్రాలన్నీ బట్టీ పట్టించాలా?

జవాబు: ఇప్పుడే వద్దండీ. మీవాడు ఏం తప్పు చేస్తున్నాడో నోటుబుక్కు చూడకుండానే ఊహించగలను, ఎందుకంటే నేనూ అదే చేశాను. ఎక్స్ = 3 గీతలో (5, 1)కి ప్రతిబింబం అడిగితే (−5, 1) అని రాసొచ్చాను. నిలువు గీత కనబడితే ఎక్స్ గుర్తు మార్చెయ్యడమే అని తలకెక్కించుకున్నాను మరి. గుర్తు మారేది గీత సున్నా దగ్గర ఉన్నప్పుడే. ఇక్కడ అది 3 దగ్గర ఉంది. 5 నుంచి 3కి రెండు గళ్లు, గీత దాటి ఇంకో రెండు గళ్లు. (1, 1) వస్తుంది.

వై = ఎక్స్ దగ్గర తప్పు వేరేగా ఉంటుంది. (5, 2) నుంచి అడ్డంగా లెక్కపెడితే మూడు గళ్లలో గీత తగులుతుంది. ఇంకో మూడు వెళ్లి (−1, 2) పెట్టేస్తారు. కానీ గీత వాలుగా ఉందిగా, అడ్డంగా వెళ్తే దానికి లంబంగా వెళ్లినట్టు కాదు. గళ్ల మూల నుంచి మూలకి, క్రాస్‌గా వెళ్లాలి. ఒకటిన్నర గడి వెళ్తే గీత, ఇంకో ఒకటిన్నర వెళ్తే (2, 5). అంకెలు తారుమారు కావడం అలా వస్తుంది.

మా పాపకి ఇది నోటితో చెబితే ఎక్కలేదు. గ్రాఫ్ పేపర్ మీద గీత గీయించి, స్కేలు ఆనించి ఖాళీ రీఫిల్‌తో దాని మీదే గట్టిగా ఒకసారి లాగించాను. అలా చేస్తే మడత సరిగ్గా గీత మీదే పడుతుంది. బొమ్మ పైకి కనబడేలా మడిచి, త్రిభుజం మూడు మూలల్లో కంపాస్ ముల్లుతో రెండు పొరల్లోకీ దిగేలా గుచ్చమన్నాను. విప్పి అవతలి చిల్లులు కలిపితే అదే ప్రతిబింబం. పాత చిల్లునీ కొత్త చిల్లునీ కలిపిన గీత మడతను ఎక్కడ దాటుతుందో కొలవమంటే, ప్రతిసారీ సరిగ్గా మధ్యలో, లంబంగా దాటింది. అప్పటికి గానీ నమ్మలేదు.

ఇక ఏటవాలు గీత. ఎక్స్ + 2వై = 10 తీసుకోండి. ఇది రెండు గళ్లు కుడికి పోతే ఒక గడి కిందికి దిగే గీత. దానికి లంబంగా పోవాలంటే ఒకటి కుడికి, రెండు పైకి. ఎ (1, 2), బి (4, 3), సి (3, 1) త్రిభుజం ఉందనుకోండి. ఎ నుంచి ఒక అంగ వేస్తే (2, 4), గీత మీదికి చేరాం. అలాంటిదే ఇంకో అంగ వేస్తే (3, 6). సి నుంచి ఒక అంగ వేస్తే సరిగ్గా బి దగ్గరికే వస్తాం, ఇంకోటి వేస్తే (5, 5). బి గీత మీదే ఉంది కాబట్టి కదలదు. పిల్లలు దాన్ని కూడా ఎక్కడికో జరపబోతారు, ఆపండి.

అంగలు ఇంత చక్కగా కలవనప్పుడు సూత్రం కావాలి. మేం ఇంటర్ మొదటి ఏడాదిలో లంబపాదానికి, అంటే బిందువు నుంచి లంబంగా వెళ్తే గీత తగిలే చోటుకి ఒకటి, ప్రతిబింబానికి ఒకటి విడివిడిగా బట్టీ పట్టాం. ఒకదాంట్లో −1, ఇంకోదాంట్లో −2. ఎందుకో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. గీత దాకా ఒక అంగ, అవతలికి ఇంకో అంగ, అంతే. ఎ బిందువును ఎక్స్ + 2వై − 10లో వేస్తే −5. ఎక్స్, వైల ముందున్న గుణకాలు 1, 2. వాటి వర్గాల మొత్తం 1 + 4 = 5. భాగిస్తే −1, దాన్ని −2తో గుణిస్తే 2. అంటే (1, 2) అనే గుణకాల జతను రెండుసార్లు కలపాలి. మళ్లీ (3, 6) వచ్చింది.

సరిచూసుకోడానికి భుజాలు కొలిస్తే చాలదు, తిరిగే దిక్కు కూడా చూడాలి. పై త్రిభుజంలో ఎ, బి, సి వరసన వేలితో తిరిగితే గడియారం ముల్లు తిరిగినట్టు వెళ్తుంది, ప్రతిబింబంలో ఎదురు తిరుగుతుంది. మా అమ్మ బ్లౌజులు కుట్టేది. కొత్తలో ఒకసారి చేతుల గుడ్డ మడత పెట్టకుండా, ఒకే పేపర్ ముక్క తిప్పెయ్యకుండా రెండుసార్లు పెట్టి కత్తిరించింది. కొలతలన్నీ కరెక్టే, కానీ రెండూ ఎడమ చేతులే. ముందువైపు చంక లోతు ఎక్కువ కదా, ఎంత తిప్పినా కుడి చేతికి కుదరలేదు. తిరగేస్తే గుడ్డ లోపలివైపు బయటికొస్తుంది. ఆ ముక్క వృథా అయింది, కస్టమర్‌కి కొత్త గుడ్డ కొనిచ్చింది.

మీవాడికి ముందు ఎక్స్ = 3, వై = −2 లాంటివి ఓ నాలుగు ఇవ్వండి, గళ్లు లెక్కపెట్టే చేయమనండి. తర్వాత వై = ఎక్స్ ఒకటి మడిచి చూపించండి. సూత్రం జోలికి ఆ తర్వాతే వెళ్లండి.