తిరగడం వృత్తి అవుతుందా? ఒక తండ్రికి జవాబు

ప్రశ్న: డిగ్రీ పూర్తిచేసిన మా అమ్మాయి, స్థానికులకూ ప్రకృతికీ హాని కలగకుండా ప్రపంచమంతా పర్యటించడమే వృత్తిగా చేసుకుంటానంటోంది. ముందుగా విదేశంలోని ఒక అనాథాశ్రమంలో రెండు నెలలు పాఠాలు చెప్పడానికి ఒక సంస్థకు డబ్బు కట్టమంటోంది. ఇది మేలా, పర్యాటక రంగంలో పీజీ మేలా? నలుగురికీ ఏం చెప్పాలో తోచడం లేదు.

జవాబు: మీరు కోర్సు గురించి అడిగారు గానీ, అమ్మాయి ఎక్కడా నిలదొక్కుకోదేమోనన్నదే మీ అసలు దిగులు. ఆ దిగులు వద్దు. థాయిలాండ్‌లోని మాయా బే తీరంలో జనం తాకిడికి పగడపు దిబ్బలు దెబ్బతినడంతో 2018లో దాన్ని మూసివేశారు. 2022 జనవరిలో మళ్లీ తెరిచినప్పుడు పడవలను ఆ తీరానికి రానివ్వకుండా దీవి వెనుక వైపు ఆపించి, సందర్శకుల సంఖ్యకు పరిమితి పెట్టారు. ఇలాంటి ఏర్పాటుకు సముద్ర జీవుల గురించి తెలిసినవారూ, లెక్కలు కట్టగలిగినవారూ, పడవలవాళ్లను కూర్చోబెట్టి ఒప్పించగలిగినవారూ కావాలి. మీ అమ్మాయి కోరుకుంటున్న పని ఉద్యోగంగా దొరికేది ఇలాంటి చోట్లే.

నా అభ్యంతరమంతా డబ్బు కట్టి చేసే ఆ సేవ మీదే. అనాథాశ్రమాలలోని పిల్లల్లో ఎక్కువమందికి తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు బతికే ఉన్నారని బాలల సంక్షేమ సంస్థలు ఎంతో కాలంగా చెబుతున్నాయి. సందర్శకులు తెచ్చే డబ్బు కోసమే పిల్లలను ఇళ్ల నుంచి తెచ్చి ఆశ్రమాలు నింపే చోట్లు ఉన్నాయి కనుకనే, 2019లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం బాలల హక్కుల తీర్మానంలో ఈ సేవాయాత్రల వల్ల కలిగే హానిని ప్రస్తావించింది. అంత దోపిడీ లేని చోట కూడా, రెండు నెలలకో కొత్త టీచరు వచ్చి అవే అక్షరాలు మళ్లీ మొదలుపెడితే, చేరువైన ప్రతి మనిషీ వెళ్లిపోవడం చూస్తూ పెరిగే ఆ పిల్లల సంగతి ఏమిటి? కోపగించుకోకండి, మీ ఉత్తరంలో నలుగురి ప్రస్తావన ఉంది, ఆ పిల్లల ప్రస్తావన లేదు. ఆ ఆశ్రమాన్ని ఎవరు నడుపుతున్నారు, వచ్చేవారి నేపథ్యాన్ని పరిశీలిస్తారా, అసలు ఆ పనికి పర్యాటక వీసా చెల్లుతుందా అని డబ్బు అడిగిన రోజే మీరు అడగవలసింది.

పీజీ విషయానికి వస్తే, కొన్ని నెలలు ఒకే చోట ఉండి పనిచేయించే కోర్సయితే చేర్పించండి, తరగతి గదికే పరిమితమైతే తొందరపడకండి. ఈలోగా, పర్యాటకం స్థానికులకూ ప్రకృతికీ హాని చేయకుండా ఏం పాటించాలో చెప్పే ప్రపంచ సుస్థిర పర్యాటక మండలి (జీఎస్‌టీసీ) ప్రమాణాలను అమ్మాయిని శ్రద్ధగా చదవమనండి. భూటాన్ 2022లో భారతీయులు కాని విదేశీ పర్యాటకుల నుంచి రాత్రికి 200 డాలర్ల రుసుము వసూలు చేసి, మరుసటి ఏడాదే దాన్ని 100కు ఎందుకు తగ్గించిందో, ఆ మార్పు అక్కడి హోటళ్లకూ గైడ్లకూ ఏం చేసిందో తెలుసుకుని మీకు వివరించమనండి. ఆమె చెబుతున్నంతసేపూ మధ్యలో అడ్డుపడకుండా వినండి.