ఒకే సీటు ఇద్దరికి ఎలా వెళ్లింది?

ప్రశ్న: విశాఖ నుంచి అరకుకు రెండు టెంపో ట్రావెలర్లు తిప్పుతున్నాం. సీట్ల లెక్క రెడిస్‌లో (డేటాను మెమరీలో ఉంచే డేటాబేస్) పెట్టాం. మొన్న ఆదివారం 7వ నంబరు సీటు ఇద్దరికి బుక్కయి, పొద్దున్నే మద్దిలపాలెంలో బండి దగ్గర గొడవ. రెడిస్ ఒకసారికి ఒక పనే చేస్తుందంటారు కదా, ఇదెలా జరిగింది? ప్రోగ్రాం మొత్తానికి లాక్ వేస్తే, ఊరికే సీట్లు చూసేవాళ్లకి కూడా స్క్రీన్ కదలడం లేదు.
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: మీరు విన్నది నిజమేనండి. 2020లో వచ్చిన రెడిస్ 6.0 వెర్షన్ నుంచి నెట్‌వర్క్ పనికి అదనపు థ్రెడ్లు (పక్కపక్కన నడిచే పని వరసలు) పెట్టుకోవచ్చు గానీ, కమాండ్లు నడిపే థ్రెడ్ ఒక్కటే. తేడా వచ్చింది మీ రెండు కమాండ్ల మధ్య సందులో.

మీ ఉత్తరం చదివాక డైనింగ్ టేబుల్ మీదే లాప్‌టాప్‌లో రెండు విండోలు పక్కపక్కన తెరిచాను. ఎడమవైపు గెట్ (విలువ అడిగే కమాండ్) కొట్టాను, సీటు ఖాళీ. కుడివైపూ కొట్టాను, ఖాళీయే. ఎడమవైపు ఒక పేరు సెట్ చేస్తే ఓకే అంది. కుడివైపు ఇంకో పేరు సెట్ చేస్తే దానికీ ఓకే. నాలుగు కమాండ్లూ వరసగానే నడిచాయి, మొదటి పేరు మాత్రం గల్లంతు!

అడగడం, రాయడం ఒకే కమాండ్‌లో అయిపోవాలి. సెట్‌కి ఎన్‌ఎక్స్ అని తోక తగిలించండి. ఆ కీ (రెడిస్‌లో ఆ సీటు వివరం దాచే పేరు) లేకపోతేనే రాస్తుంది, ఉంటే రాయకుండా నిల్ అంటుంది. పక్కనే ఈఎక్స్ 300 పెడితే, డబ్బు కట్టకుండా వెళ్లిపోయినవాళ్ల సీటు 300 సెకన్లకు దానంతటదే ఖాళీ అవుతుంది. విలువగా బుకింగుకో టోకెన్ (ఆ బుకింగును గుర్తుపట్టే వేరే కోడ్) రాయండి. చాలామంది ఇక్కడే బద్ధకిస్తారు. యూపీఐ ఆరో నిమిషంలో ఫెయిలైందనుకోండి, ఈలోగా ఆ సీటు వేరేవాళ్లు తీసుకుని ఉండొచ్చు. టోకెన్ చూడకుండా మీ ప్రోగ్రాం డెల్ (కీని తీసేసే కమాండ్) కొడితే పోయేది వాళ్ల సీటు. అందుకే టోకెన్ తనదేనా అని చూసి కీని తీసేయడమైనా, డబ్బు పడ్డాక గడువు ఎత్తేయడమైనా చిన్న లువా స్క్రిప్టులో (రెడిస్ లోపలే నడిచే చిన్న ప్రోగ్రాం) రాయండి. అది పూర్తయ్యేదాకా మరో కమాండ్ మధ్యలో దూరదు.

చూసేవాళ్లకు లాక్ ఎందుకండీ? స్క్రీన్ మీద క్షణం పాత లెక్క కనిపిస్తే కొంపేం మునగదు. సీట్లు చూపించడానికి కీస్ కమాండ్ వాడుతుంటే మాత్రం మానేయండి, అది కీలన్నీ వెతికేదాకా అందరూ ఆగాల్సిందే. సీటు కీల పేర్లు మీకు తెలిసినవే కదా, ఎంగెట్‌తో ఒకేసారి అడగండి.

డబ్బు అందిన టికెట్‌ను డిస్కు మీదుండే డేటాబేస్‌లో తేదీ, ట్రిప్పు, సీటు కలిపి యునీక్‌గా (అదే కలయిక రెండోసారి ఒప్పుకోకుండా) రాయండి. రెడిస్‌లో ఏఓఎఫ్ (ప్రతి రాతనూ డిస్కు మీది ఫైల్లో చేర్చే ఏర్పాటు) ఆన్ చేసి ఎవ్రీసెక్‌లో (సెకనుకోసారి డిస్కుకు చేర్చేలా) ఉంచినా, కరెంటు పోతే సుమారు ఒక సెకను రాతలు పోవచ్చు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ చూసిన ఊరు మనది, మీకు చెప్పాలా? ఆలస్యంగా డబ్బు పడినా యునీక్ ఒప్పుకోకపోతే వెంటనే రీఫండ్ వెళ్లాలి.

అన్నట్టు, ఆదివారం బండి ఎక్కలేకపోయినాయనకు డబ్బు తిరిగి ఇచ్చారా? అది ఉత్తరంలో రాయలేదు.