ఇటలీ తయారీ సింగిల్ యాక్షన్ రివాల్వర్‌లో ఏ తూటాలు కాల్చవచ్చు?

మీ ప్రశ్న సారాంశం ఇది: 1873 నాటి కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ నమూనాలో ఇటలీలో తయారైన .45 కోల్ట్ రివాల్వర్ ఒకటి మీరు కొన్నారు. అమ్మినవారు దానితోపాటు రెండు పెట్టెల తూటాలు ఇచ్చారు. ఒక పెట్టె మీద ఆ తూటాలు రూగర్, ఫ్రీడమ్ ఆర్మ్స్ వంటి గట్టి తుపాకులకు మాత్రమే అని ముద్రించి ఉంది. రెండో పెట్టెలో ఎవరో చేత్తో నింపిన రీలోడ్లు ఉన్నాయి. రెండు రకాలూ సిలిండర్‌లో చక్కగా దిగుతున్నాయి కాబట్టి కాల్చవచ్చా అని అడిగారు. రెండింటినీ కాల్చవద్దు. ఇదే కోవకు చెందిన రివాల్వర్‌ను ఏళ్ల తరబడి క్లబ్ రేంజ్‌లో కాలుస్తున్నవాడిగా కారణాలు కొంత వివరంగా చెబుతాను, ఎందుకంటే కారణం తెలిస్తే తర్వాత కొనే పెట్టె విషయంలో మళ్లీ ఎవరినీ అడగవలసిన అవసరం ఉండదు.

తూటా ఛాంబర్‌లో, అంటే సిలిండర్‌లో అది కూర్చునే రంధ్రంలో, దిగిందంటే దాని కొలతలు సరిపోయాయని మాత్రమే అర్థం. కాల్చినప్పుడు పుట్టే పీడనం గురించి అది ఏమీ చెప్పదు. .45 కోల్ట్ విషయంలో ఈ తేడా మరీ ముఖ్యం. .357 మాగ్నమ్ 1935లో వచ్చినప్పుడు దాని కేస్‌ను (పౌడర్, గుండు పట్టి ఉంచే లోహపు డొల్లను) .38 స్పెషల్ కేస్ కంటే 0.135 అంగుళాలు పొడవుగా చేశారు. అందువల్ల ఆ బలమైన తూటా .38 స్పెషల్ రివాల్వర్‌లో పూర్తిగా దిగదు, సిలిండర్ మూసుకోదు. .45 కోల్ట్‌కు అటువంటి కాపలా లేదు. అమెరికా పరిశ్రమ ప్రమాణాల సంస్థ సామీ దీనికి నిర్ణయించిన గరిష్ఠ పీడనం 14,000 పిఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). మీ మొదటి పెట్టెలోని రకం తూటాలను సుమారు దానికి రెట్టింపు పీడనానికి నింపుతారు, అయినా కేస్ పొడవు అదే, అంచు అదే, పేరు కూడా అదే. పెట్టె మీది ఆ ఒక్క వాక్యం తప్ప మిమ్మల్ని ఆపగలిగేది మరేదీ లేదు.

ఇక తుపాకీ వైపు చూద్దాం. ఖాళీ సిలిండర్‌ను బయటకు తీసి పట్టుకుంటే, ప్రతి ఛాంబర్‌కు ఎదురుగా వెలుపలి వైపు ఒక చిన్న గాడి కనిపిస్తుంది. సిలిండర్‌ను కదలకుండా పట్టి ఉంచే బోల్ట్ వచ్చి పడేది అందులోనే. ఆరు గుండ్ల సింగిల్ యాక్షన్ ఆర్మీ నమూనాలో ఈ గాడి దాదాపు ఛాంబర్ మధ్యరేఖ మీదే పడుతుంది కాబట్టి, అసలే పలచగా ఉండే గోడ ఆ చోట మరింత పలచబడుతుంది. నేటి ఉక్కు 19వ శతాబ్దపు లోహం కంటే ఎంతో మేలైనదన్నది నిజమే, కానీ ఉక్కు మేలైనంత మాత్రాన గోడ మందం పెరగదు. రూగర్ బ్లాక్‌హాక్ ఆ తూటాలను తట్టుకోవడానికి కారణం దాని సిలిండర్, ఫ్రేమ్ రెండూ పెద్దవి కావడం. రూగర్ అన్న పేరు ఒక్కటే సరిపోదన్న సంగతి కూడా ఇక్కడ చెప్పాలి: 2005లో వచ్చిన న్యూ వాకేరో పరిమాణంలో పాత కోల్ట్‌కు దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆ తూటాలు దానికీ తగవు.

రేంజ్‌లో తరచుగా వినిపించే వాదన ఒకటి ఉంది. ఇదే కంపెనీ ఇదే ఫ్రేమ్ మీద .357 మాగ్నమ్ రివాల్వర్ కూడా చేస్తోంది, ఆ తూటా గరిష్ఠ పీడనం 35,000 పిఎస్ఐ, అలాంటప్పుడు .45 మాత్రం ఎందుకు తట్టుకోదు అని అడుగుతారు. జవాబు రంధ్రాల పరిమాణంలో ఉంది. ఒకే వ్యాసం గల సిలిండర్‌లో చిన్న రంధ్రాలు వేస్తే చుట్టూ మిగిలే లోహం ఎక్కువ, పెద్ద రంధ్రాలు వేస్తే తక్కువ. పైగా నష్టమంటే సిలిండర్ పగలడం ఒక్కటే కాదు. అతిగా నింపిన తూటాలు పైకి ఏమీ తెలియనీయకుండా ఫ్రేమ్‌ను సాగదీస్తాయి, సిలిండర్ ముందు వెనుకలకు వదులుగా కదిలేలా చేస్తాయి, ఛాంబర్‌కూ బ్యారెల్‌కూ మధ్య వరుస తప్పేలా చేస్తాయి. నిన్న పేలలేదు కాబట్టి ఈరోజూ పేలదనే తర్కం ఇక్కడ పనికిరాదు.

తూటాలు కొనబోయే ముందు మీ రివాల్వర్ మీది ముద్రలు చదవండి. ఇటలీలో ఈ నకళ్లు ఎక్కువగా బ్రెషా దగ్గరి వాల్ ట్రోంపియా లోయలో తయారవుతాయి, అక్కడి ప్రూఫ్ హౌస్‌లో పరీక్షకు నిలుస్తాయి. నక్షత్రం ఆకారపు ముద్ర కింద ‘పిఎస్ఎఫ్’ అక్షరాలు ఉంటే పొగరాని పౌడర్‌తోనూ, ‘పిఎన్’ ఉంటే బ్లాక్ పౌడర్‌తోనూ పరీక్షించారని అర్థం. ఒక చిన్న చతురస్రంలో పరీక్షించిన సంవత్సరాన్ని సూచించే అక్షరాలు కూడా ఉంటాయి. రివాల్వర్లకు ఈ పరీక్ష తూటా ప్రామాణిక గరిష్ఠ పీడనం కంటే సుమారు 30 శాతం ఎక్కువ పీడనంతో జరుగుతుంది. ఆ అదనపు బలం తుపాకీలో దోషం ఉంటే బయటపడటానికి ఉద్దేశించినదే తప్ప, రోజూ వాడుకోవడానికి ఇచ్చిన వెసులుబాటు కాదు.

అసలు ఏది కొనాలన్న ప్రశ్నకు జవాబు సులువు. ‘కౌబాయ్’ అనే పేరుతో అమ్మే .45 కోల్ట్ తూటాలు ఇటువంటి రివాల్వర్ల కోసమే తయారవుతాయి. 200 నుంచి 250 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే సుమారు 0.065 గ్రాములు) సీసపు గుండు, సెకనుకు సుమారు 700 నుంచి 850 అడుగుల వేగం వాటి లక్షణాలు. సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ పోటీల నిబంధనలు కూడా సీసపు గుండ్లనే అనుమతిస్తాయి, రివాల్వర్ తూటా వేగం సెకనుకు 1,000 అడుగులు మించకూడదంటాయి. కాబట్టి ఆ పోటీదారులు వాడే రకం మీకు నిశ్చింతగా పనికివస్తుంది. సాధారణ పీడనంలో 250, 255 గ్రెయిన్ల సీసపు గుండుతో వచ్చే మామూలు తూటాలు కూడా క్షేమమే, ఎందుకంటే 1870లలో ఈ తూటాను మొదట రూపొందించినదే 40 గ్రెయిన్ల బ్లాక్ పౌడర్‌తో, సుమారు ఆ బరువు గుండుతో. స్థిరమైన సైట్లు కూడా సాధారణంగా ఆ బరువుకే కుదురుతాయి. నా రివాల్వర్‌లో 250 గ్రెయిన్ల గుండు గురిపెట్టిన చోటికి దగ్గరగా తగులుతుంది, 200 గ్రెయిన్లది స్పష్టంగా కిందికి పడుతుంది. తేలిక గుండు బ్యారెల్‌ను త్వరగా విడిచిపోవడం వల్ల, వెనుదన్నుకు మూతి పైకి లేచేలోపే అది బయటపడటం దీనికి కారణం. కాగితపు లక్ష్యం మీద అది ఇబ్బందే కానీ ప్రమాదం కాదు. మణికట్టు నొప్పి ఉన్నవారికి నేను 200 గ్రెయిన్లవే సూచిస్తాను.

రాగి తొడుగు గుండ్లు ప్రామాణిక పీడనంలో ఉంటే తుపాకీని పగలగొట్టవు. అయినా నేను వాడను. అవి బ్యారెల్‌ను త్వరగా అరగదీస్తాయి, వేగం బాగా తగ్గితే సీసపు గుండు కంటే సులువుగా బ్యారెల్‌లో ఇరుక్కుంటాయి. గుండు వ్యాసం కూడా చూడవలసిన విషయమే. 19వ శతాబ్దపు బ్యారెళ్లు సుమారు 0.454 అంగుళాలు ఉండేవి, ఇప్పటివి 0.451 లేదా 0.452 ఉంటాయి. ఛాంబర్ ముందుభాగం గుండు కంటే వెడల్పుగా ఉంటే వేడి వాయువు పక్కల నుంచి జారి, సీసం బ్యారెల్‌కు పట్టి, గురి చెదురుతుంది. అటువంటప్పుడు మెత్తని సీసపు గుండు బాగా పనిచేస్తుంది, ఎందుకంటే తక్కువ పీడనంలోనూ అది కాస్త ఉబ్బి ఖాళీని మూస్తుంది. గట్టి సీసమే మేలన్న ప్రచారం ఈ వేగాల్లో వర్తించదన్నది నా అనుభవం.

ఇప్పుడు మీ రెండో పెట్టె గురించి. నిజానికి నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే. .45 కోల్ట్ కేస్ బ్లాక్ పౌడర్‌కు సరిపడేలా చేసిన పెద్ద డొల్ల. ఇప్పటి చురుకైన పొగరాని పౌడర్ మోతాదు అందులో అడుగున కొద్ది భాగాన్నే నింపుతుంది. ఏమరుపాటున రెండుసార్లు పోసినా పొంగిపోదు, గుండు మామూలుగానే కూర్చుంటుంది, బయటి నుంచి ఏ తేడా కనిపించదు. త్రాసు మీద తూచి కనిపెట్టవచ్చని కొందరంటారు కానీ, కేస్‌ల బరువులోనూ సీసపు గుండ్ల బరువులోనూ సహజంగా ఉండే తేడా ఆ చిన్న పౌడర్ మోతాదును సులువుగా మింగేస్తుంది. అసలు పౌడరే పడని తూటా మరో రకం ప్రమాదం: ప్రైమర్ (కేస్ అడుగున ఉండి పౌడర్‌ను అంటించే చిన్న పేలుడు మూత) బలానికే గుండు బ్యారెల్‌లోకి పోయి నిలిచిపోతుంది, దాని వెనుక మరొకటి కాలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది లేదా చీలుతుంది. ఫ్యాక్టరీ తూటాలతోనైనా సరే, ఎప్పుడైనా శబ్దం మామూలు కంటే మెత్తగా వినిపిస్తే వెంటనే ఆగి, మూతిని సురక్షిత దిశలోనే ఉంచి కొంతసేపు వేచి, తూటాలన్నీ తీసేసి, బ్యారెల్ ఖాళీగా ఉందో లేదో కడ్డీతో చూడండి. నింపినవారు ఎంత అనుభవజ్ఞులైనా, మరొకరి రీలోడ్లు నేను కాల్చను. వాటిని విప్పదీసి కేస్‌లు మాత్రం ఉంచుకుంటాను, పౌడర్‌ను తిరిగి వాడను.

రివాల్వర్‌తోపాటు .45 ఎసిపి (ఆటోమేటిక్ పిస్టళ్ల కోసం చేసిన మరో .45 తూటా) సిలిండర్ కూడా ఇచ్చి ఉంటే, ఆ తూటాలు దానిలోనే, అవీ ప్రామాణిక పీడనంవే, ఎక్కువ పీడనాన్ని సూచించే ప్లస్ పి ముద్ర లేనివే వాడాలి. ఒక తుపాకీకి అమర్చిన సిలిండర్‌ను మరో తుపాకీలో పెట్టకూడదు. పొట్టిదైన .45 స్కోఫీల్డ్ తూటా మీ .45 కోల్ట్‌లో నిరభ్యంతరంగా పనిచేస్తుంది.

ఇది చదివేవారిలో కొందరి దగ్గర 1851 నేవీ, 1858 రెమింగ్టన్ వంటి ముందునుంచి నింపే నకళ్లు ఉండవచ్చు. వాటిలో బ్లాక్ పౌడర్ గానీ, దానికి బదులుగా తయారీదారు అనుమతించిన పైరోడెక్స్ వంటివి గానీ తప్ప పొగరాని పౌడర్ చిటికెడు కూడా పోయకూడదు. ఉక్కు ఫ్రేమ్ ఉన్నవాటికి కేస్ ఉన్న తూటాలు కాల్చేందుకు వీలు కల్పించే కన్వర్షన్ సిలిండర్ బిగించినా, సిలిండర్ తయారీదారు చెప్పిన తక్కువ వేగపు సీసపు తూటాలే వాడాలి. ఇత్తడి ఫ్రేమ్‌కు ఆ సిలిండర్ అసలే వద్దు. కేవలం శబ్దం కోసం జింక్ మిశ్రమంతో చేసిన నకళ్లలో గుండు ఉన్న ఏ తూటా కూడా క్షేమం కాదు.

తూటా సరైనదే అయినా నింపే తీరులో ఒక జాగ్రత్త ఉంది. సంప్రదాయ నమూనాలో హ్యామర్ దించినప్పుడు ఫైరింగ్ పిన్ నేరుగా ప్రైమర్ మీద ఆనుతుంది. తుపాకీ కింద పడితే పేలవచ్చు. హ్యామర్‌ను కొద్దిగా వెనక్కి లాగి ఆపే మొదటి మెట్టును నమ్మకండి, అది దెబ్బకు విరగగలదు. రూగర్ 1973లో ట్రాన్స్‌ఫర్ బార్ (ట్రిగ్గర్ లాగినప్పుడు మాత్రమే హ్యామర్ దెబ్బను ఫైరింగ్ పిన్‌కు చేర్చే కడ్డీ) పెట్టింది ఇందుకే. మీ రివాల్వర్‌లో అటువంటి ఏర్పాటు ఉందని కరపత్రం స్పష్టంగా చెప్పకపోతే ఐదే నింపండి: ఒకటి పెట్టి, ఒక ఛాంబర్ వదిలి, తర్వాత వరుసగా నాలుగు పెట్టి, హ్యామర్‌ను పూర్తిగా లాగి నెమ్మదిగా దించితే ఖాళీ ఛాంబర్ దాని కిందికి వస్తుంది. ఏ ప్రైమర్ అయినా కేస్ అడుగు కంటే పైకి పొడుచుకు వచ్చి ఉంటే ఆ తూటాను పక్కన పెట్టండి.

మొదటి పెట్టెను పారేయనక్కర లేదు; పెద్ద ఫ్రేమ్ బ్లాక్‌హాక్ ఉండి, చట్టప్రకారం తీసుకోగలిగినవారికి దాన్ని అసలు పెట్టెతోనే ఇవ్వండి. అప్పటివరకు అందులోని ఒక్క తూటాను కూడా మీ మామూలు తూటాల డబ్బాలో వేయకండి, పెట్టె నుంచి బయటకు వచ్చాక రెండింటినీ వేరుచేసి చెప్పే నమ్మకమైన గుర్తు ఏదీ వాటి మీద ఉండదు.